తగ్గితే డైట్ గొప్ప, పెరిగితే మన తప్పు

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎన్నో ఇళ్లు ఒకే తరంలో రెండు పథ్యాలు చూశాయి. మొదట వచ్చింది మంతెన సత్యనారాయణరాజు ప్రచారం చేసిన ప్రకృతి ఆహారం. ఉప్పు వద్దు, నూనె వద్దు, తాలింపు వేయాలన్నా నూనె చుక్క లేకుండానే. ఆ తర్వాత, 2018 ప్రాంతంలో, వీరమాచనేని రామకృష్ణ డైట్ ఊరూరా మార్మోగింది. అన్నం, చపాతీ, పంచదార బంద్. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు. ఒకప్పుడు నూనె సీసాను అటకెక్కించిన వంటింట్లోనే కొబ్బరినూనెను గ్లాసులో పోసుకుని ముక్కు మూసుకుని తాగారు.

రెండుసార్లూ బరువు తగ్గినవాళ్లు ఉన్నారు. వాళ్లు అబద్ధమాడలేదు, కాటా ముల్లు నిజంగానే దిగింది. చిక్కంతా అక్కడే ఉంది. నూనె మానేసినా తగ్గి, నూనె తాగినా తగ్గితే, ఆ తగ్గుదల నూనె వల్ల వచ్చిందని ఎలా అనగలం?

కంచం ముందు కూర్చుని లెక్క వేస్తే విషయం తేలిపోతుంది. రెండు పూటలా అన్నం తినే ఇంట్లో ఒక మనిషికి రోజుకు 300 గ్రాముల బియ్యం పెద్ద మాటేమీ కాదు. అంటే వెయ్యి కేలరీల పైనే. అన్నం మానేసిన రోజున అవన్నీ పోయాయి. అన్నంతో పాటు దాని పరివారమూ పోయింది: పచ్చడి కలిపిన రెండో వాయి, పెరుగన్నంలో నంజుకునే చిప్స్, సాయంత్రం టీలో ముంచే బిస్కెట్లు, బడ్డీకొట్టు దగ్గర పునుగులు, పెళ్లిలో విస్తట్లో పడ్డ రెండు రకాల స్వీట్లు. 70 గ్రాముల కొబ్బరినూనెలో 630 కేలరీలు ఉంటాయి. అది తాగాక ఇంకేమీ తినబుద్ధి కాదు. ఇక ఉప్పూ నూనే లేని పథ్యంలో కూడా పోయినవి దాదాపు ఇవే. ఉప్పు లేని సొరకాయ కూరను మూడోసారి వడ్డించుకునేవాళ్లు ఎక్కడా కనపడరు. దారులు వేరైనా రెండూ చేసింది ఒకటే పని. తినే ముద్దలు తగ్గించాయి.

ఇది మన ఊహ మాత్రమే కాదు. 2005లో వెలువడిన అధ్యయనం కోసం బోస్టన్‌లో మైఖేల్ డాన్‌సింగర్ బృందం 160 మందిని నాలుగు రకాల డైట్లకు పంచింది. అందులో పిండిపదార్థాలు బాగా తగ్గించే అట్కిన్స్ ఉంది, దానికి పూర్తి విరుద్ధంగా కొవ్వు దాదాపు లేని ఆర్నిష్ పద్ధతీ ఉంది. ఏడాది తిరిగేసరికి సగటు తగ్గుదల ఏ డైట్‌లోనైనా 2 నుంచి 3 కిలోల చిల్లర. డైట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా కనిపించింది పట్టుదలగా పాటించినవాళ్లకూ మధ్యలో వదిలేసినవాళ్లకూ మధ్యే. కఠినమైన ఆ రెండు పద్ధతుల్లోనూ దాదాపు సగం మంది ఏడాది పూర్తికాకుండానే జారుకున్నారు. 2018లో వెలువడిన మరో అధ్యయనం కోసం స్టాన్‌ఫోర్డ్‌లో క్రిస్టఫర్ గార్డ్‌నర్ ఇదే ప్రశ్నను 609 మందితో మళ్లీ పరీక్షించారు. ఏడాదికి కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థం తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. సగటు అలా ఉంది గానీ, రెండు గుంపుల్లోనూ పాతిక కిలోల దాకా తగ్గినవాళ్లున్నారు, తొమ్మిది కిలోల దాకా పెరిగినవాళ్లూ ఉన్నారు. ఆ పాతిక కిలోలు తగ్గిన మనిషిని వేదిక ఎక్కించి మైకు ఇస్తే సభ చప్పట్లతో దద్దరిల్లుతుంది. పెరిగిన మనిషి ఆ సభకు రాడు.

అన్నం తగ్గించమనడంలో నిజం లేకపోలేదు. మన దేశంలో సగటు మనిషి తినే కేలరీల్లో 60 శాతానికి పైగా పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. తెలుగు కంచంలో అయితే అన్నం కొండలా ఉండి పప్పు వాగులా పారుతుంది. షుగర్ ఉన్నవాళ్లు అన్నం తగ్గిస్తే రక్తంలో చక్కెర దిగడం ఖాయం. గొడవ అంతా ‘తగ్గించు’ అన్న మాట ‘పూర్తిగా మానెయ్’ అయినప్పుడు, ఆపైన ‘షుగర్ మాత్రలు కూడా మానెయ్యొచ్చు’ అన్న నమ్మకంగా ముదిరినప్పుడు మొదలవుతుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు డాక్టరును అడక్కుండా దాన్ని ఆపడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

ఇక కరెంటు స్తంభాల మీద కనిపించే హామీ చూద్దాం: ‘పది రోజుల్లో ఐదు కిలోలు’. ఒక కిలో ఒంటి కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీల లోటు పడాలి. ఐదు కిలోలకు 38,500. పది రోజులకు పంచితే రోజుకు 3,850. ఇంటి పట్టున ఉండి పెద్దగా శ్రమ లేని మహిళకు రోజుకు అవసరమయ్యేది 1,660 కేలరీలని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. ఒళ్లు బరువున్నవాళ్లకు ఇంకాస్త ఎక్కువ. 2,000 అనుకుందాం. ఆవిడ పది రోజులు పచ్చి మంచినీళ్లతో కటిక ఉపవాసం ఉన్నా లోటు 20,000 దాటదు. అంటే రెండున్నర కిలోల చిల్లర. పూర్తి ఉపవాసం చేసినా కరగని కొవ్వు, పూటకో ప్రొటీన్ షేక్ తాగితే ఎలా కరుగుతుంది?

మరి కాటా ఐదు కిలోలు తక్కువ ఎందుకు చూపిస్తుందంటే, ఎక్కువ భాగం నీళ్లు. తిన్న పిండిపదార్థంలో కొంత గ్లైకోజన్ రూపంలో కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉంటుంది. మొత్తం 400, 500 గ్రాములకు మించదు గానీ, ప్రతి గ్రాము తనతో పాటు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానేసిన మూడు నాలుగు రోజుల్లో ఆ నిల్వ కరిగిపోతుంది, దాంతో నీళ్లూ పోతాయి. ఇన్సులిన్ తగ్గేసరికి మూత్రపిండాలు ఉప్పును ఎక్కువగా వదిలేస్తాయి, దాని వెంట మరికొంత నీరు. పేగుల్లో ఉండే సరుకు కూడా తగ్గుతుంది. ఇదంతా కలిపి రెండు మూడు కిలోలు అవలీలగా దిగుతాయి. నడుము దగ్గర ప్యాంటు కూడా వదులవుతుంది. అమ్మేవాళ్లకు ఇదే సంక్రాంతి. మొదటి రెండు వారాల్లో ఏ పథ్యమైనా, ఏ పొడి అయినా అద్భుతంగానే కనిపిస్తుంది. ‘మా వదిన పది రోజుల్లో నాలుగు కిలోలు తగ్గింది’ అన్న కబురు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది కూడా ఆ రెండు వారాల్లోనే. ఆర్నెల్ల తర్వాత ఆ వదినగారి బరువు గురించి ఏ గ్రూపులోనూ మెసేజ్ రాదు.

మళ్లీ అన్నం ముట్టుకోగానే పోయిన నీళ్లు తిరిగొస్తాయి. రెండు రోజుల్లో కిలోన్నర పెరిగేసరికి ‘చూశారా, అన్నం ఎంత విషమో’ అనుకుంటారు. పాపం, అన్నానికి లేని నింద అది.

అసలు కొవ్వు కరిగినవాళ్లకు వేరే కష్టం ఎదురవుతుంది. బరువు తగ్గడాన్ని శరీరం విజయంగా చూడదు, కరువు వచ్చిందనుకుంటుంది. ఆకలి పెంచే హార్మోన్లు పెరుగుతాయి, కడుపు నిండిందని చెప్పేవి తగ్గుతాయి, ఖర్చు చేసే శక్తిని కూడా శరీరం పొదుపు చేస్తుంది. అమెరికాలో టీవీ పోటీలో బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత కెవిన్ హాల్ బృందం మళ్లీ కొలిచి 2016లో ఫలితాలు ప్రకటించింది. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవాళ్లు 41 కిలోలు తిరిగి పెరిగారు. అన్నిటికంటే విస్మయపరిచింది మరొకటి. విశ్రాంతిగా ఉన్నప్పుడు వాళ్ల శరీరం ఖర్చు చేసే శక్తి, వాళ్ల ఒంటికి ఉండాల్సిన దానికంటే రోజుకు 500 కేలరీల దాకా తక్కువగా ఉంది. ఆరేళ్ల తర్వాత కూడా. అంత పోరాటం చేసిన మనిషిని పట్టుకుని ‘నోరు కట్టుకోలేకపోయావు’ అంటే అది అన్యాయం.

కానీ బరువు తగ్గించే వ్యాపారం నిలబడేది ఆ మాట మీదే. తగ్గినప్పుడు పేరు పొడి డబ్బాకు, పెరిగినప్పుడు నింద మనిషికి. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, కడుపు మాడ్చుకున్నది ఒకరు, ఫొటోలో మెరిసేది ఇంకొకరి డబ్బా. తన తప్పేనని నమ్మిన మనిషి డబ్బు వెనక్కి అడగడు. ఇంకో డబ్బా కొంటాడు.

కాలనీల్లో పొద్దున్నే తెరిచే న్యూట్రిషన్ సెంటర్ల బ్యానర్లు గమనిస్తే ‘బరువు తగ్గాలా? పెరగాలా? సంప్రదించండి’ అని ఒకే వరుసలో ఉంటుంది. ఒకే పొడి లావును సన్నం చేసి సన్నాన్ని లావు చేస్తుందట. లోపలికి వెళ్లగానే రెండు చేతులతో పట్టుకునే చిన్న మిషన్ ఇస్తారు. ఒంట్లోకి అతి బలహీనమైన కరెంటు పంపి, ఎంత అడ్డు తగిలిందో చూసి కొవ్వు శాతం అంచనా వేస్తుందది. ఒంట్లో నీటి శాతం మారితే అంకె మారుతుంది. పొద్దున ఒకటి, నీళ్లు తాగాక ఒకటి. అయినా ‘మీ వయసు 38, మీ ఒంటి వయసు 54’ అని తెర మీద చూపిస్తే ఎవరికైనా గుండె జారుతుంది. కార్యక్రమం ఏమిటంటే పొద్దున టిఫిన్ బదులు షేక్, రాత్రి భోజనం బదులు షేక్. అరకిలో డబ్బా రెండు వేల చిల్లర ఉంటుంది. పూటకు పాతిక గ్రాముల చొప్పున రెండు పూటలా వాడితే పది రోజుల్లో ఖాళీ. నెలకు మూడు డబ్బాలు. లోపల ఉండేది ఎక్కువగా సోయా ప్రొటీన్, తీపి, పీచు, వాసన, కాసిని విటమిన్లు. రెండు ఉడికించిన కోడిగుడ్లలో 12 గ్రాముల ప్రొటీన్, 150 కేలరీలు ఉంటాయి, ఖర్చు పదిహేను రూపాయలు. షేక్ పనిచేయదని కాదు. నెయ్యి కారం దోసె, పల్లీ చట్నీ మానేసి 200 కేలరీలతో పూట గడిపితే ఎవరైనా తగ్గుతారు. పని చేసింది తినకుండా వదిలేసిన దోసె.

ఘనత ఇలా చేతులు మారడాన్ని బయటపెట్టడానికి వైద్యంలో ఒక పద్ధతి ఉంది. కేరళలో చేపల పులుసులో, మనం చింతపండు వేసే చోట, కొడంపులి వేస్తారు. దాని నుంచి తీసిన రసాయనమే గార్సీనియా పేరుతో క్యాప్సూల్స్‌గా ప్రపంచమంతా అమ్ముడవుతోంది. 1998లో వెలువడిన అధ్యయనం కోసం న్యూయార్క్‌లో 135 మందిని రెండు గుంపులు చేసి, ఒకరికి గార్సీనియా, ఇంకొకరికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్లకు తెలియదు. ఇద్దరికీ రోజుకు 1,200 కేలరీల పథ్యమే పెట్టారు. 12 వారాలకు గార్సీనియా వాళ్లు 3.2 కిలోలు తగ్గారు. భేష్ అనుకునేలోపే రెండో అంకె: ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లు 4.1 కిలోలు తగ్గారు. శాస్త్రపరంగా ఆ తేడాకు విలువ లేదు, రెండూ సమానమే. ఆ రెండో గుంపే లేకుంటే 3.2 కిలోల ఘనత క్యాప్సూల్‌కే పోయేది. బ్యానర్ల మీద చూసే ‘ముందు – తర్వాత’ ఫొటోల్లో ఎప్పుడూ లేనిది ఆ రెండో గుంపు.

పరీక్ష చేశామన్న మాట కూడా ఒక్కోసారి బూటకమే. గ్రీన్ కాఫీ గింజల సారంతో 22 వారాల్లో దాదాపు 8 కిలోలు తగ్గుతారని 2012లో ఒక పరిశోధన అచ్చయింది. ప్రయోగం జరిగింది మన దేశంలోనే, పాల్గొన్నవాళ్లు 16 మంది. అమెరికా టీవీలో డాక్టర్ ఓజ్ దాన్ని ఆకాశానికెత్తాక అమ్మకాలు ఎగబాకాయి. తర్వాత అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ తవ్వితే, మనుషుల బరువుల అంకెలనే పలుమార్లు మార్చేశారని తేలింది. పరిశోధనకు డబ్బు పెట్టిన కంపెనీ 35 లక్షల డాలర్లు కట్టేందుకు ఒప్పుకుంది, 2014లో పరిశోధనా పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. గ్రీన్ కాఫీ పొడి మాత్రం ఇప్పటికీ సూపర్‌మార్కెట్ అరల్లో నిక్షేపంగా ఉంది.

పనిచేయనిదాని వల్ల పోయేది డబ్బే. కొన్ని ‘హెర్బల్’ మందులు నిజంగానే ఆకలి చంపేస్తాయి, భయపడాల్సింది అప్పుడు. ఆకలి చంపే సిబుట్రమైన్ అనే మందును గుండెపోటు, పక్షవాతం ముప్పు వల్ల 2010లో అమెరికా, యూరప్ మార్కెట్ల నుంచి తొలగించారు, 2011లో మన దేశమూ నిషేధించింది. ఆ తర్వాత కూడా మూలికల పొడులు, స్లిమ్మింగ్ టీలు, క్యాప్సూల్స్‌లో లేబుల్ మీద పేరు లేకుండా అది దొరుకుతూనే ఉంది. ఏ ఆకో వేరో అని తీసుకున్న పొడితో నోరు పిడచకట్టుకుపోయి, గుండె దడదడలాడి, రాత్రి నిద్ర పట్టకపోతే అందులో ఆకు మాత్రమే లేదని అనుమానించాలి. ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. 1970ల చివర్లో అమెరికాలో ద్రవ ప్రొటీన్ ఒక్కటే తాగే డైట్ వెర్రి ప్రబలినప్పుడు దాదాపు 60 మంది చనిపోయారు, చాలామంది గుండె లయ తప్పి.

అంతదూరం వెళ్లనివాళ్లకు ఉండే కష్టాలు వేరు. వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. రెండు మూడు నెలలకు దువ్వెన నిండా జుట్టు వస్తుంది. అప్పటికి డైట్ ఆపేసి ఉంటారు కాబట్టి కారణం స్ఫురించదు. ఆ జుట్టుకు మళ్లీ బయోటిన్ డబ్బా అమ్మేదీ అదే న్యూట్రిషన్ సెంటర్ కోచ్.

చట్టం ఏం చేస్తోందన్నది న్యాయమైన ప్రశ్న. మందులు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం 1954లోనే వచ్చింది. నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడని జబ్బుల జాబితాలో స్థూలకాయం కూడా ఉంది. అయితే ఈ పొడులు మందులుగా అమ్ముడుపోవు, ఆహారంగా అమ్ముడుపోతాయి. అందుకే డబ్బా ముందువైపు సన్నని నడుము బొమ్మ, వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ‘వైద్య అవసరాలకు కాదు’ అన్న హెచ్చరిక. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబరు చూపించి ‘ప్రభుత్వం ఆమోదించింది’ అనేవాళ్లూ ఉన్నారు. ఆ నంబరు మిరపకాయ బజ్జీల పిండి ప్యాకెట్ మీద కూడా ఉంటుంది. తయారీదారుకు లైసెన్సు ఉందని మాత్రమే దాని అర్థం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, అందులో నటించిన ప్రముఖులను ఏడాది పాటు ప్రకటనల నుంచి దూరం పెట్టొచ్చు. కానీ పక్కింటి అక్కయ్య తన ఫోన్‌లో ఫొటోలు చూపిస్తూ చెప్పే మాటకు ఏ చట్టం అడ్డుపడుతుంది?

గట్టి రుజువు ఎలా ఉంటుందో తెలియాలంటే ఇప్పుడు అందరి నోళ్లలో నానుతున్న బరువు తగ్గించే ఇంజెక్షన్లను చూడొచ్చు. వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్‌ను 1,961 మందిపై 68 వారాలు పరీక్షించారు. మందు తీసుకున్నవాళ్లు సగటున 14.9 శాతం బరువు తగ్గారు, ఉత్తుత్తి సూది తీసుకున్నవాళ్లు 2.4 శాతం. వికారం, వాంతులు లాంటి ఇబ్బందులనూ లెక్కగట్టి అచ్చువేశారు. మందు ఆపిన ఏడాదికి, పోయిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందన్న సంగతినీ దాచలేదు. తన మందు ఆపితే ఏమవుతుందో కూడా కొలిచి చెప్పిన పొడి డబ్బా కంపెనీ ఏదైనా ఉంటే చూడాలి.

జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది మన హైదరాబాద్ తార్నాకలోనే. 1918లో కూనూరులో మొదలై 1958లో ఇక్కడికి తరలివచ్చింది. వారానికి అర కిలో తగ్గడం క్షేమం, బరువు తగ్గే పథ్యంలో ఉన్నా రోజుకు వెయ్యి కేలరీలకు తగ్గకూడదు అని ఆ సంస్థ చెప్పే మాట బ్యానర్‌కు ఎక్కదు. 2,000 కేలరీల కంచానికి అది 2024లో ఇచ్చిన కొలతలు ఇవి: బియ్యం, గోధుమలు, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, పండ్లు 100, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె 27. ఇవన్నీ వండకముందు తూకాలు. కిరాణా చీటీ దగ్గర పెట్టుకుని చూస్తే, నలుగురున్న ఇంటికి నెలకు నూనె మూడున్నర లీటర్లు. అంటే కొబ్బరినూనె గ్లాసుతో తాగక్కర్లేదు, సీసాను అటకెక్కించక్కర్లేదు. ఆవకాయ పెట్టే నెలలో లెక్క తప్పుతుంది, అది వేరే సంగతి.